దుబరాజు గుడి ఇటుక

వర్షం పడే రోజుల్లో అమలాపురం నించి రాజోలు వెళ్ళే బస్సు వైనతేయ గోదారి మీది వంతెనెక్కేసరికి, ముందు పోతున్న ఏ లారీలోంచో తడిసిన కొబ్బరిపీచు వాసన గుప్పుమని కిటికీలోంచి లోపలికొస్తుంది. బురద, ఉప్పునీరు, మురిగిన ఆకు అన్నీ కలిపి గోనెలో మూటగట్టినట్టుండే ఆ వాసన చాలామందికి నచ్చదు. మొన్న నా పక్కన కూర్చున్నావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "ఆ అద్దం కాస్త మూసేద్దురూ మేడమ్‌గారూ" అంది. మూసేను గానీ అప్పటికే ఆలస్యమైపోయింది. ఇంటర్ పిల్లలకి తెలుగు పాఠాలు చెప్పుకునే యాభై ఏళ్ళ మనిషిని కాస్తా, కింద ఆ నీళ్ళ మధ్యలో, పీచు బస్తాల మీద, మామ్మకీ అమ్మకీ నడుమ ఇరుక్కుని కూర్చున్న పదేళ్ళ పిల్లనైపోయేను.

అప్పటికి వంతెన లేదు. మా ఊరు బోడసకుర్రుకి దిగువన, ఏటిగట్టుకి ఆనుకుని ఉండేది. గట్టెక్కితే గోదారి, గట్టు దిగితే కొబ్బరితోటలు, తోటల మధ్య పెంకుటిళ్ళు. శ్రావణమాసం వచ్చిందంటే చూరుల మీంచి జారే నీళ్ళకి రోజంతా ఒకటే చప్పుడు, గోడలకి పచ్చటి నాచు, ఉతికిన బట్టలు ఎంతకీ ఆరక వాటికో ముక్కవాసన, దాన్ని పోగొట్టడానికి అమ్మ వంటింట్లో దండెం కట్టి పొయ్యి సెగ మీద ఆరబెడితే మా గౌన్లకి పొగవాసన. తాటిపళ్ళు రాలే రోజులు కాబట్టి ఏ ఇంటి ముందు నించి వెళ్ళినా తాటిరొట్టె మాడిన కమ్మటి వాసన వచ్చేది. ఆడపిల్లలం అరుగుల మీద అచ్చంగాయలు ఆడుకునేవాళ్ళం. ఆడి ఆడి వేళ్ళు నొప్పెడితే, కాళ్ళు చూరు కిందికి చాపి, బొటనవేలి మీద ఎన్ని చుక్కలు పడతాయో లెక్కపెట్టేవాళ్ళం.

మా ఇంట్లో నలుగురం. నాన్న అంబాజీపేటలో ఒక కొబ్బరి కొట్టులో పనిచేసేవారు, పొద్దున్నే సైకిలెక్కితే మళ్ళీ సాయంత్రానికే. అమ్మ పేరు సత్యవతి. మనిషి నెమ్మది, చేతులు మాత్రం చురుకు. మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, అప్పటికి అరవై అయిదు దాటిన మనిషి. మోకాళ్ళు పట్టేసి లేచినప్పుడల్లా "రామా" అనీ, కూర్చున్నప్పుడల్లా "కృష్ణా" అనీ అనేది. తమలపాకులు చిన్న రోట్లో దంచుకుని నోట్లో వేసుకున్నాక ఓ గంటసేపు ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఆ గంట మాకు సెలవు.

ఇంటి వెనక నూతి పక్కన ఒక ఇటుక ఉండేది. ఇప్పటి ఇటుకలు నాలుగు పేర్చినా దాని ముందు చిన్నబోతాయి. మూరెడు పొడవు, జానెడు పైన వెడల్పు, అరిగి అరిగి అంచులు నున్నబడిపోయి, తడిస్తే కుంకుమలా ఎర్రగా మెరిసేది. అదే మామ్మ పీట. దాని మీద కూర్చుని పళ్ళు తోముకునేది, స్నానం చేసేది, నన్ను ముందు కూలేసుకుని కుంకుడురసంతో తలంటేది. కళ్ళు మండి నేను ఏడుస్తుంటే నా రెండు చేతులూ ఆ ఇటుకని గట్టిగా పట్టుకునేవి.

ఆ ఇటుక మామ్మ పుట్టింటిది. ఏటికి అవతల ఒడ్డున, ఆదుర్రుకి కాస్త దిగువన, గట్టు వార వాళ్ళిల్లు ఉండేదట. ఊరి చివర తోటల్లో దుబరాజు గుడి అని ఒక పెద్ద మట్టిదిబ్బ. దుబరాజంటే ఎవరో, గుడంటే ఎక్కడో ఎవరికీ తెలీదు గానీ, దిబ్బని ఎక్కడ గీకినా పెద్ద పెద్ద ఇటుకలు బయటపడేవట. మామ్మ వాళ్ళ నాన్న మూడు ఇటుకలు తెచ్చి వంటింట్లో పొయ్యి కింద పరిచేరు. మామ్మకి పెళ్ళై మా ఊరొచ్చేసిన చాలా ఏళ్ళకి, ఒక వరదలో గోదారి ఆ గట్టుని కోసుకుంటూ వచ్చి ఇంటిని ఇల్లుగా తీసుకుపోయింది. మనుషులు ముందే తప్పుకున్నారు. ఆఖరిసారి సామాను కోసం వెళ్ళిన వాళ్ళ తమ్ముడు చేతికి దొరికిన ఒక్క ఇటుకనీ పట్టుకుని పడవలో మా ఊరొచ్చి, "అక్కా, ఇదీ మనిల్లు" అని అరుగు మీద పెట్టేడట. ఆ తమ్ముడూ తర్వాత పోయేడు.

ఈ కథంతా నాకు తెలుసు. అమ్మకి తెలీదు. మామ్మ తన సంగతులు తలంట్లప్పుడు నాకే చెప్పేది.

అందుకే నాకు పదేళ్ళప్పుడు, ఉగాదికి ముందు, గొడవ జరిగింది. నూతి చుట్టూ సిమెంటు చేయిద్దామని నాన్న తాపీమేస్త్రీని పిలిచేరు. అడుగున పోయడానికి ఇటుకముక్కలు కావాలన్నాడతను. మామ్మ లోపల పడుకుని ఉంది. అమ్మ అటూ ఇటూ చూసి, "ఆ పాత ఇటుకుంది కదా, కొట్టి వేసెయ్" అంది. ఒక్క దెబ్బకి ఇటుక మూల విరిగి, రెండో దెబ్బకి సుత్తి పైకి లేచేసరికి, మోకాళ్ళ నొప్పులన్న మనిషి ఎలా వచ్చిందో తెలీదు, మామ్మ వచ్చి ఇటుక మీద చెయ్యి పెట్టేసింది. మేస్త్రీ సుత్తి గాల్లోనే ఆపేసి, కంగారుగా రెండడుగులు వెనక్కేసేడు.

మామ్మ అమ్మ వైపు తిరిగి ఒక్కటే మాటంది. "పుట్టిల్లున్నవాళ్ళకి అది ఇటుకలాగే కనిపిస్తుందిలే."

అంతకు ముందు కార్తీకంలోనే మా అమ్మమ్మ పోయింది. అమ్మ తడిచేతులు కొంగుకి తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రోజు నించి ఆ ఇద్దరికీ మాటల్లేవు.

మాటల్లేవంటే పనులు ఆగిపోయేయని కాదు. వేడినీళ్ళు వేళకి కాగేవి, కంచం వేళకి పడేది, మామ్మ మోకాళ్ళకి ఆముదం వెచ్చబెట్టి గిన్నెలో పోసి అమ్మ గుమ్మం దగ్గర పెట్టేది. కానీ నోటిమాట మాత్రం నా మీదుగానే నడవాలి. "పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో అడగవే." "సరిపోయిందని చెప్పవే." "రేపు ఏకాదశి, అన్నం వండద్దని చెప్పు." "తెలుసని చెప్పు." ఇద్దరూ ఒకే గదిలో, ఇంత దూరంలో కూర్చుని ఉండగా, నేను మధ్యలో నించుని ఒకరు అన్నది ఇంకోళ్ళకి అప్పజెప్పేదాన్ని. మొదట్లో నాకది సరదాగానే ఉండేది. రాను రాను, అమ్మ ఒక మాటంటే అందులోంచి పుల్లవిరుపు తీసేసి చెప్పడం, మామ్మ ఏమీ అనకపోయినా "బావుందంది" అని కల్పించడం మొదలెట్టేను. ఒక్కోసారి ఏది వాళ్ళన్నదో ఏది నేనన్నదో మర్చిపోయి నిద్దట్లో ఉలిక్కిపడేదాన్ని. నాన్నతో చెబితే, "ఆడాళ్ళ గొడవ, నాలుగు రోజుల్లో అదే సర్దుకుంటుంది" అనేవారు. నాలుగు రోజులు నాలుగు నెలలైనా సర్దుకోలేదు.

ఆషాఢంలో బడి తెరిచేక, మా సోషల్ మాస్టారు ఒక రోజు దుబరాజు గుడి సంగతెత్తేరు. అది గుడి కాదు, బౌద్ధుల స్తూపం అన్నారు. రాజులకాలం నాటిదన్నారు. అశోకుడి కూతురు లంకకి వెళ్తూ వెళ్తూ అక్కడ ఆగిందని పెద్దలు చెప్పుకుంటారన్నారు. తవ్వి చూస్తే బండిచక్రంలా ఆకులూ బొడ్డూ పెట్టి ఇటుకలతో కట్టిన కట్టడం బయటపడిందిట. "చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు తెలీక ఇటుకలు పట్టుకుపోయేరు. మీ ఇళ్ళల్లో ఎవరి దగ్గరైనా ఉంటే అవి మనవి కావు, బుద్ధుడివి" అన్నారు.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర నేనిది గొప్పగా చెప్పేను. మామ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"బుద్ధుడంటే దశావతారాల్లో ఆయనేనా?"

"ఆయనే" అన్నారు నాన్న.

"రామా! ఇన్నేళ్ళూ దేవుడి సొమ్ము మీద కూర్చుని పళ్ళు తోముకున్నానా!"

నాన్న నవ్వేరు. అమ్మ కూడా నవ్వబోయి ఆపుకుంది. మర్నాటి నించి మామ్మ ఆ ఇటుక మీద కూర్చోలేదు. నేల మీదే కూర్చుని, లేవలేక నూతి గట్టు పట్టుకుని లేచేది. ఇటుకని కడిగి, వసారాలో ఒక మూల పెట్టి, దాని మీద రోజూ ఒక నందివర్ధనం పువ్వు పెట్టేది. "తీసుకెళ్ళి ఇచ్చేస్తాను" అని నాన్నతో అంటే, "వానలు తగ్గేక చూద్దాంలే అమ్మా" అనేవారు. మామ్మకి వానలు తగ్గేదాకా ఆగే ఓపిక లేదని నాకు తెలుసు.

శ్రావణంలో ఒక రోజు తెల్లవారుఝాము నించీ కురుస్తూనే ఉంది. బడికి సెలవిచ్చేసేరు. వరద ఎర్రనీరు తగ్గి పది రోజులైంది, ఏరు కాస్త శాంతంగానే ఉంది. నాన్న వెళ్ళిపోయేక మామ్మ ఇటుకని పాత పంచెలో మూటగట్టి, నల్లగొడుగు చంకలో పెట్టుకుని, నన్ను పిలిచింది. "రావే, రేవుకెళ్దాం." ఆ మూట ఎత్తబోయి ఎత్తలేకపోయింది. మళ్ళీ వంగింది.

అమ్మ వంటింటి గుమ్మంలో నించుని చూస్తోంది. నాతో అంది, "ఈ వానలో ఆ మోకాళ్ళతో ఎక్కడికో అడుగు."

నేను మామ్మ వైపు తిరిగేలోపే మామ్మ నాతో, "దుబరాజు గుడికని చెప్పు" అంది.

అమ్మ లోపలికెళ్ళింది. వెళ్ళిపోయిందనుకున్నాను. కానీ గిన్నెల చప్పుడైంది. పొద్దున చేసిన పొట్టిక్కలు, అవే, పనసాకులు బుట్టల్లా కుట్టి ఇడ్లీపిండి పోసి ఉడికించినవి, ఓ పది డబ్బాలో సర్దుకుని, అల్లప్పచ్చడి చిన్న సీసాలో పోసుకుని, పొయ్యార్పి, తలుపులు మూసి తాళం వేసి వచ్చింది. మామ్మ ముందున్న మూటని ఒక్క ఊపున ఎత్తి నడుం మీద పెట్టుకుంది. గట్టు మీద ముందు అమ్మ, వెనక మామ్మ, వాళ్ళిద్దరి మధ్యా నేను, బురదలో కాళ్ళు జారకుండా బొటనవేళ్ళు నొక్కిపెట్టుకుంటూ నడిచేం.

రేవులో సూరన్న పడవ కట్టి ఉంది. సూరన్న మా ఊరి పడవవాడు, ఎండకీ వానకీ ఒకే తాటాకు గొడుగు, మనిషిని చూడగానే ముందు నవ్వి తర్వాత మాట్లాడతాడు. ఆ రోజు అవతలికి పీచు బస్తాలు వేసుకెళ్తున్నాడు.

"ఆదుర్రు వైపు దింపుతావా సూరన్నా?" అంది మామ్మ.

"ఆయ్, దింపకేవండీ! ఈ వానలో ఏం పనండీ మామ్మగారూ అక్కడ?"

"ఒకళ్ళ వస్తువు ఒకళ్ళకి ఇచ్చెయ్యాలి."

"అయితే ఎక్కండి. మళ్ళీ నేనే తీసుకొచ్చేత్తాను."

పీచు బస్తాల మీద గోనెలు పరిచి మమ్మల్ని కూర్చోబెట్టేడు. తడిసిన పీచు మెత్తగా, వెచ్చగా ఉండి, కూర్చోగానే కిందికి కుంగి, ఆ వాసన చుట్టూ కమ్మేసింది. గెడతో ఒడ్డుని నెట్టేసి సూరన్న తెడ్డందుకున్నాడు. కాసేపటికి మా ఊరి ఒడ్డు వాన వెనక మాసిపోయింది. అవతలి ఒడ్డు ఇంకా కనబడటం లేదు. నీళ్ళ మీద చినుకులు పడి లేచే చప్పుడు తప్ప ఏమీ లేదు. కొంగలు ఒక వరసలో తక్కువ ఎత్తులో ఎగురుకుంటూ సముద్రం వైపు పోయేయి. ఎవరి మాటా ఎవరికీ చెప్పక్కర్లేదు కాబట్టి నాకు ఎంతో హాయిగా ఉండి, కాళ్ళూపుకుంటూ కూర్చున్నాను.

నడి ఏట్లో గాలి తిరిగింది. ముందు మామ్మ గొడుగు వెనక్కి తిరగబడింది. సూరన్న "గట్టిగా పట్టుకోండమ్మగారూ!" అని అరిచి పడవని గాలికి ఎదురు తిప్పబోయేడు. సముద్రప్పోటు కూడా ఎక్కుతోందేమో, ఒక అల అడ్డంగా కొట్టింది. పడవ ఒక పక్కకి ఒరిగిపోయింది. అమ్మ ఒక చేత్తో నన్ను పట్టుకుంది. అదే సమయానికి ఆ మూట బస్తాల మీంచి జారి పడవ అంచు వైపు దొర్లింది. ఇంకో జానెడు వెళ్తే నీళ్ళలోనే. అమ్మ రెండో చెయ్యి చాపి దాని కింద పెట్టేసింది. పడవ మళ్ళీ ఇటు ఒరిగి, ఇటుక బరువంతా అమ్మ వేళ్ళ మీద పడి, పడవ చెక్కకీ ఇటుకకీ మధ్య వేళ్ళు నలిగేయి.

"సత్యవతీ! చెయ్యి!"

అది మామ్మ గొంతు. నాకు చెప్పమని కాదు. అమ్మకే చెప్పింది.

సూరన్న పడవని సంబాళించుకున్నాడు. మామ్మ బస్తాల మీద మోకాళ్ళతో పాకుతూ వచ్చి, మూటని పక్కకి నెట్టి, అమ్మ చెయ్యి తీసుకుంది. రెండు వేళ్ళ గోళ్ళ కింద నల్లగా నెత్తురు కమ్మింది. మామ్మ తన చీర చెంగు నోటితో పట్టి చింపి, గోదారి నీళ్ళలో ముంచి కట్టు కట్టింది.

"పోతే పోనిచ్చి ఉండాల్సింది. ఇటుకే కదా."

"మీది కదా అని పట్టుకున్నానండీ అత్తయ్యగారూ."

అంతే. కానీ మామ్మ ఆ చేతిని వదల్లేదు. ఒడ్డు చేరేదాకా తన ఒళ్ళోనే పెట్టుకుంది. నేను చూడనట్టు నీళ్ళ వైపు తిరిగి కూర్చుని, చూస్తూనే ఉన్నాను.

ఒడ్డు దిగి తోటల్లోంచి చాలా దూరం నడిచేం. మూట ఈసారి సూరన్న మోసేడు. కొబ్బరిమట్టలు ఎక్కడికక్కడ వాలి నీళ్ళు కారుస్తున్నాయి, దారి పక్కన పోకచెట్ల మీద మిరియం తీగలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. తోటలు ఉన్నట్టుండి ఆగిపోయి, పచ్చగడ్డి మధ్య గుండ్రటి ఇటుక అరుగు కనిపించింది. మాస్టారు చెప్పింది నిజమే. పైకెక్కి చూస్తే సరిగ్గా బండిచక్రం. మధ్యలో బొడ్డు, అందులోంచి ఆకుల్లా నలువైపులా గోడలు, ఆ గోడల మధ్య గుంటల్లో వాననీళ్ళు, నీళ్ళలో కప్పలు. ఇటుకలన్నీ మామ్మ ఇటుకకి అక్కచెల్లెళ్ళే. అదే పొడవు, అదే ఎరుపు. విగ్రహం లేదు, గంట లేదు, పూజారి లేడు. నేను గుడంటే ఏదో ఊహించుకుని వచ్చి కాస్త నిరాశపడ్డాను గానీ, మామ్మ మాత్రం చెప్పులు విప్పేసి, తడిగడ్డిలో ఉత్తికాళ్ళతో ఆ చక్రం చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేసింది. అమ్మ ఆవిడ మోచెయ్యి పట్టుకుని పక్కనే నడిచింది.

ఓ మూల తాటాకుల పాకలోంచి కాపలా మనిషి బయటికొచ్చేడు. సన్నటి మనిషి, నెత్తి మీద ప్లాస్టిక్ గోనె. ఆ వానలో మేం ముగ్గురం ఆడవాళ్ళం ఎందుకొచ్చేమో అతనికి అంతుపట్టలేదు. మామ్మ మూట విప్పి ఇటుకని చూపించింది. ఎవరు తెచ్చేరు, ఎక్కడుండేది, ఇల్లు ఏటిలో ఎలా కలిసిపోయింది, అంతా చెప్పింది. అమ్మ వింటోంది. అమ్మకి ఈ కథ తెలియడం అదే మొదటిసారి. వాన నీళ్ళో ఇంకేవో గానీ మొహం తుడుచుకుంటూ వింది.

అతను గోనె సర్దుకుని బుర్ర గోక్కున్నాడు. "ఇక్కణ్ణించి ఇటుక పట్టుకెళ్ళేవోణ్ణి పట్టుకోమన్నారండి. పట్టుకొచ్చినోళ్ళని ఏం చెయ్యాలో చెప్పలేదండి."

సూరన్న పకపకా నవ్వేడు. కాపలా మనిషికి నవ్వు రాలేదు. ఒక ఇటుక ఎక్కువైతే తనని అడుగుతారేమోనని బెంగ. చివరికి పాక పక్కన విడి ఇటుకల పోగొకటి ఉంటే, "అందులో పెట్టండి. ఆఫీసరుగారొస్తే చెప్తాను" అన్నాడు.

మామ్మ ఆ పోగు దగ్గర చాలాసేపు నించుంది. ఇటుక చేతుల్లో లేదు, సూరన్న కింద పెట్టేడు. వంగి దాని విరిగిన మూలని తడుముతోంది. అమ్మ ఆవిడ దగ్గరికెళ్ళి నెమ్మదిగా అంది.

"ఇవ్వాలని లేకపోతే తీసుకెళ్ళిపోదామండీ. నేను మోస్తాను."

"ఆ వేళ్ళతోనా?"

"ఇంకో చెయ్యి ఉంది కదండీ."

మామ్మ తల అడ్డంగా ఊపింది. "వద్దమ్మా. ఇది మా నాన్న తెచ్చుకున్నాడు, అడిగి తెచ్చుకోలేదు." ఇటుకని ఒకసారి రెండు చేతులా తాకి కళ్ళకి అద్దుకుంది. విరిగిన వైపు కిందికి వచ్చేలా పోగులో సర్దించింది. అంతటితో సరి.

పాకలో కూర్చుని పొట్టిక్కలు తిన్నాం. పనసాకు వాసన పట్టిన ఆ మెత్తటి పిండికి అల్లప్పచ్చడి ఘాటు తోడై, వానలో తడిసి వణుకుతున్న నాకు అంత రుచి మళ్ళీ ఎప్పుడూ తగల్లేదు. కాపలా మనిషికి మూడు పెట్టింది అమ్మ. అతను తింటూ తింటూ, "పనసాకులు మా ఇంటిదాకా రానివ్వట్లేదండి మేకలు" అని తన ఊరి సంగతులు మొదలెట్టేడు. లేచేటప్పుడు మామ్మ "రామా" అంటే, అమ్మ చెయ్యందించింది.

తిరుగుప్రయాణానికి వాన సన్నబడింది. ఆ ఒడ్డు వదిలి కొంచెం రాగానే మామ్మ, "సూరన్నా, ఆ ఒంటి తాడిచెట్టుకి ఎదురుగా కాస్త ఆపు" అంది. అతను గెడ దించి పడవని నిలబెట్టేడు. చుట్టూ నీళ్ళే.

"ఇక్కడే మా వంటిల్లు" అంది మామ్మ. "ఇటు వీధరుగు. అటు పశువులసాల. పెళ్ళయ్యేక కూడా అమ్మ చేతి అన్నం ఇక్కడే తిన్నాను."

అమ్మ ఆ నీళ్ళ వైపు చూస్తూ ఉండిపోయింది.

"ఆవేళ నీతో ఆ మాట అనకూడదు" అంది మామ్మ. "మీ అమ్మ పోయి ఆరు నెలలు కూడా కాలేదు. నాకు తెలుసు. తెలిసే అన్నాను."

అమ్మ అంది, "తెలిసే అన్నారని నాకూ తెలుసండి. అందుకే నోరు రాలేదు."

"మరివాళ ఎందుకొచ్చేవు?"

"మీరొక్కరూ మొయ్యలేరు కదండీ."

మామ్మ ఏడ్చింది. ఆవిడ ఏడవగా నేను చూసింది అదొక్కసారే. అమ్మ కూడా ఏడ్చింది, అమ్మమ్మ పోయినప్పుడు కూడా అందరి ముందూ ఏడవని మనిషి. నాకేం చెయ్యాలో తెలీక సూరన్న వైపు చూస్తే, అతను ఏమీ పట్టనట్టు ఆకాశం వైపు చూసి, "తెరిపిచ్చిందండోయ్" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి నాన్న అరుగు మీద తడిసి ముద్దై, సైకిలు పక్కన కూర్చుని ఉన్నారు. వానకి కొట్టు కట్టేసి మధ్యాహ్నమే వచ్చేసేరట. తాళం అమ్మ దగ్గర. ఊరంతా వెతికి, రేవులో పడవ లేదని తెలిసి, భయంతో మొహం తెల్లబోయింది.

"ఎక్కడికెళ్ళేరు ముగ్గురూ? ఆ చేతికేవిటి? ఇంట్లో ఉన్నవాడికి ఒక్క మాట చెప్పాలని లేదూ?"

"నువ్వింట్లో ఎక్కడున్నావురా!" అంది మామ్మ.

"వానలు తగ్గేక చూద్దామన్నారుగా, తగ్గేయని మేమే వెళ్ళొచ్చేం" అంది అమ్మ.

చూరు మీంచి వాన మళ్ళీ ధారగా పడుతోంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, నవ్వాపుకోలేక గుమ్మం పట్టుకుని నవ్వేరు. నాన్నకి ఏమీ అర్థం కాక నా వైపు చూసేరు. నేను కూడా ఏమీ చెప్పలేదు.

ఆ రోజు నించి నా ఉద్యోగం పోయింది. మొదటి కొన్నాళ్ళు అలవాటు కొద్దీ మామ్మ, "పులుసు బావుందని చెప్పవే" అని, వెంటనే నాలిక్కరుచుకుని, అమ్మ వైపు తిరిగి, "బావుందమ్మాయ్" అనేది. తర్వాత వాళ్ళ మాటలకి అంతులేకుండా పోయింది. పోట్లాడుకునేవాళ్ళు కూడా, తాటిరొట్టెలో బెల్లం ఎంత వెయ్యాలో, నాన్న సన్నబడ్డాడా లావెక్కేడా అని. ఆ ఏడాది దసరాకి మామ్మ తనే పట్టుబట్టి అమ్మని ఐనవిల్లిలో మావయ్య ఇంటికి తీసుకెళ్ళి నాలుగు రోజులుంది. నేను డిగ్రీ చదువుతుండగా మామ్మ పోయింది. ఆఖరి నెలలు మంచం మీదే. ఆ నెలలన్నీ వాళ్ళిద్దరి గొంతులూ వసారాలోంచి వినబడుతూనే ఉండేవి, నేను చదువుకోడానికి చెవుల్లో దూది పెట్టుకునేదాన్ని.

ఇప్పుడు మా రేవు లేదు. గట్టు ఎత్తు పెంచినప్పుడు మెట్లు మట్టి కింద పడిపోయేయి. సూరన్న కొడుకులు పడవ అమ్మేసి ఆటోలు కొనుక్కున్నారు. వంతెన మీద బస్సులో అవతలి ఒడ్డుకి నాలుగు నిమిషాలు, ఆ నాలుగు నిమిషాలూ అందరి చేతుల్లోనూ ఫోన్లే. శ్రావణంలో ఆరని బట్టల పొగవాసన పోయింది, వాషింగ్ మెషిన్ వచ్చింది. పొట్టిక్కలు హోటల్లో దొరుకుతున్నాయి, ప్లేటులో నాలుగు పెడతారు. దుబరాజు గుడి దాకా రోడ్డు పడి, చుట్టూ కంచె కట్టి, బోర్డు పెట్టేరు. మా పిల్లలు దాన్ని ఫోన్లో చూసి, "ఇదేనా?" అన్నారు.

అమ్మకి డెబ్బై దాటేయి. అమలాపురంలో నా దగ్గరే ఉంటుంది. పోయిన శ్రావణంలో ఒక ఆదివారం, సన్నగా తుంపర పడుతుంటే, "ఏటి దాకా వెళ్దామే" అంది. కారు గట్టు మీద ఆపేం. కింద ఒకతను వలలు సర్దుకుంటున్నాడు. అమ్మ గొడుగు పట్టుకుని దిగి, అవతలికి పడవలో తీసుకెళ్తావా అని అడిగింది.

అతను ఆశ్చర్యంగా చూసి, "బ్రిడ్జుండగా పడవెందుకండీ మామ్మగారూ?" అన్నాడు. అయినా, మొహమాటపడ్డాడో ఏమో, వలలు పక్కకి జరిపి మాకు చోటు చేసేడు. "అవతలికి కాదు గానండీ, కాసేపు తిప్పి తీసుకొత్తాను."

నడి ఏట్లోకి వెళ్ళేక మోటారు ఆపేడు. అమ్మ నా పక్కన కూర్చుంది. అమ్మకి నేను చెప్పాల్సినవి చాలా ఉన్నాయి, నెలల తరబడి కాలేజీ పనుల్లో పడి వాయిదా వేసినవి, కొన్ని తనకి నచ్చనివి కూడా. ఒకటి మొదలెట్టేను. వాన పెద్దదైంది. అతను తల గోక్కుంటూ, "ఎనక్కి పోదామాండీ?" అన్నాడు.

అమ్మ నా వైపే చూస్తూ అంది, "తొందరేం లేదు నాయనా. అమ్మాయి ఏదో చెప్తోంది."